మామ్మ గారి టీవీ, విప్పిన పైకప్పు



గత నెలలో పాస్టరు, పాస్టరమ్మ ఇద్దరమూ కాలవ గట్టు వీధిలో ఒకే ఇంటికి మూడు రోజులు వరసగా వెళ్ళడం చూసి, ఆ ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదకు వచ్చిందేమోనని కొందరు కంగారుపడి ఫోన్ చేశారు. అలాంటిదేమీ లేదు. మేము టీవీ బాగుచేయడానికి వెళ్ళాము. కనీసం అందుకే వెళ్తున్నామని అనుకున్నాము.

ఆ ఇంటి మామ్మ గారు మీలో చాలామందికి తెలుసు. పేరు వ్రాయము. పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయి నాలుగేళ్ళు దాటింది. కూతురు కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళి 2016లో గోడకు తగిలించే స్మార్ట్ టీవీ కొనిపెట్టింది. ఇంటర్ చదివే మనవడు ఆదివారం మన ప్రసంగం అందులో పెడతాడు. మామ్మ గారికి అదే గుడి, అదే కూటము. (ఆరాధన జరిగేటప్పుడే చూపించడం కుదరదు. నెట్టు మనవడి ఫోన్లో ఉంటుంది, ఫోను మనవడితోపాటు గుడికి వస్తుంది. కాబట్టి ఆమె ఆరాధన మధ్యాహ్నం రెండింటికి.)

ఒక ఆదివారం ఆ టీవీలో యూట్యూబ్ తెరుచుకోలేదు. ఈ పరికరంలో ఈ యాప్ ఇక పనిచేయదని తెర మీద పడింది. టీవీ పాడవలేదు, బొమ్మ నిక్షేపంలా ఉంది. పాత టీవీలకు కొన్నేళ్ళయ్యాక యాప్‌లు కొత్తవి రావడం ఆగిపోతుంది, అంతే. మనవడు సిగ్గుపడి మాకు చెప్పలేదు. మూడు ఆదివారాలు మామ్మ గారు వాక్యం లేకుండా ఉన్నారు. నాలుగో వారం కువైట్ నుండి కూతురే మాకు ఫోన్ చేసింది. అక్కడ వాళ్ళకు శుక్రవారం సెలవు కనుక శుక్రవారమే ఆరాధన. ఆరాధన నుండి బయటికి వస్తూ చేసింది. "అయ్యగారండీ, అమ్మ మాట్లాడట్లేదండి, గోడవైపు తిరిగి పడుకుంటందంట" అంది.

శనివారం వెళ్ళాము. మాకు టీవీల సంగతి ఏమీ తెలియదు. కానీ 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, ఆ ఏప్రిల్ 12న ఈస్టరు ఆరాధన ఖాళీ బల్లల ముందు ఫోను నిలబెట్టి చేసిన నాటి నుండి కొంచెం కొంచెం నేర్చుకున్నాము. యాప్ అనేది ముందు తలుపు. అది మూసుకుపోతే కొన్ని టీవీల్లో ఇంకో దారి ఉంటుంది. బ్రౌజర్. భూగోళం బొమ్మతో ఒక మూల ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. ఫోన్లో క్రోమ్ ఎలాంటిదో అదీ అలాంటిదే. మన యువకులలో ఒకరు ప్రసంగాన్ని ఎంపీ4 ఫైలుగా చేసి మన సంఘపు పేజీలో పెట్టారు. ఆ పేజీ టీవీ బ్రౌజర్‌లో తెరవాలి. చెప్పడానికి ఒక్క ముక్కే. చేయడానికి మూడు రోజులు పట్టింది.

ముందుగా అడ్రసు. రిమోటు బాణాలతో ఒక్కొక్క అక్షరం దగ్గరకు జరుపుకుంటూ వెళ్ళి నొక్కాలి. నలభై అక్షరాలు. ముప్ఫై ఎనిమిదో దగ్గర వేలు జారితే మళ్ళీ మొదటికి. పైగా లింకు చివరి భాగంలో చిన్న అక్షరానికి, పెద్ద అక్షరానికి చాలాసార్లు తేడా ఉంటుంది. ఒకటి మారితే పేజీ దొరకదు. ఆ సాయంత్రం మాలో ఒకరికి ఓర్పు నశించింది, ఎవరికో చెప్పము.

ఎట్టకేలకు అడ్రసు సరిగా పడింది. అప్పుడు టీవీ, ఈ సైటు సురక్షితం కాదు అంది. మన సొంత పేజీ సురక్షితం కాదట! మనవడు ఫోన్లో తెరిస్తే చక్కగా వస్తోంది. రాత్రి తొమ్మిదైంది, వచ్చేశాము. మర్నాడు ఆరాధన అయ్యాక ఆ యువకుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాము. అతను వైర్లు చూడలేదు, నెట్టు చూడలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తారీఖు చూశాడు. టీవీ లెక్క ప్రకారం అది 2016 జనవరి 1. ఇంట్లో ప్లగ్గు పీకిన ప్రతిసారీ గడియారం వెనక్కు పోతోంది. ప్రతి సైటుకూ ఒక గుర్తింపు పత్రం ఉంటుందట, దాని మీద ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు అని ఉంటుంది. టీవీ తన గడియారంతో దాన్ని సరిపోల్చుకుంటుంది. తాను 2016లో ఉన్నాననుకునే టీవీకి ఈ ఏడాది పత్రం దొంగ పత్రంలా కనిపిస్తుంది. తారీఖు, సమయం దానంతటదే సరిచూసుకునేలా మార్చగానే పేజీ తెరుచుకుంది. మీ ఇంట్లో పాత టీవీ ఇలా మొండికేస్తే మెకానిక్కును పిలిచే ముందు గడియారం చూడండి. తారీఖు సరిగా ఉన్నా ఇదే మాట అంటే అది వేరే సంగతి. 2021 సెప్టెంబరు 30న అలాంటి పత్రాలకు మూలమైన ఒక పెద్ద పత్రానికి గడువు తీరి, కొత్తది అందని పాత పరికరాల్లో చాలా సైట్లు ఆగిపోయాయి. అలాంటి టీవీకి వేరే పెట్టె తగిలించుకోవాల్సిందే.

పేజీ నెమ్మదిగా వస్తోంది. ఈ టీవీల లోపలి బుర్ర చిన్నది, బ్రౌజరు పేజీలేమో వేలితోనో మౌసుతోనో వాడేవారి కోసం కట్టినవి. ఆ తిరిగే చక్రాన్ని చూస్తూ మంచం దగ్గర కూర్చున్నాము. చూడటానికి ఇంకేమీ లేదు కనుక ఆ గదిని చూశాము.

మంచం మీద పరిచిన ప్లాస్టిక్ గుడ్డ తడిగా ఉంది. పాస్టరమ్మ మామ్మ గారిని పక్కకు తిప్పింది. నడుము కింద పుండు పడి ఉంది, అరచేయంత. ఎన్నాళ్ళయింది అని అడిగితే, "పండక్కి ముందండి" అన్నారు. ఏ పండుగో అడగడానికి మాకు నోరు రాలేదు. మేము ఆ గడప తొక్కి ఏడు నెలలైంది. ప్రభు బల్ల ఆమెకు ఏడు నెలలుగా అందలేదు. ప్రతి ఆదివారం వీడియో కింద చూసినవారి లెక్క కనబడుతుంది కదా, అందులో మామ్మ గారు కూడా ఉన్నారులే అనుకుని మేము ఊరుకున్నాము. వాక్యం పంపించాము, మేము వెళ్ళలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఇది వ్రాయాలా వద్దా అని రెండు వారాలు ప్రార్థించాము.

1996లో మేము ఈ ఊరికి కొత్త. ఉజ్జీవ కూటాలు పెట్టి, నాలుగు రాత్రులు టీవీ మీదే ప్రసంగించాము. సాతాను పెట్టె అన్నాము. ఇంట్లో అది ఉంటే ప్రభువు ఉండడు అన్నాము. మామ్మ గారి ఇంట్లో నలుపు తెలుపు టీవీ ఉండేది, శుక్రవారం చిత్రలహరికి వీధిలో పిల్లలంతా ఆ అరుగు మీదే. మూడో రాత్రి ఆమె కన్నీళ్ళతో లేచింది. మర్నాడు టీవీ అమ్మేసి 600 రూపాయలు కానుక పెట్టెలో వేసింది. మేము దాన్ని సాక్ష్యంగా ఎన్ని ఊళ్ళలో చెప్పామో లెక్కలేదు.

చెప్పనిది ఒకటుంది. ఆ టీవీ ఆమె ఒక్కదానిదే కాదు. ఆమె భర్తకు క్రికెట్ అంటే ప్రాణం. అది ప్రపంచ కప్పు జరుగుతున్న సమయం. మార్చి 9న బెంగళూరులో పాకిస్తాన్‌తో మ్యాచ్. ఆ రోజు ఆయన టీ కొట్టు దగ్గర నిలబడి చూశాడు, తన ఇంట్లో టీవీ లేకుండా చేసింది గుడే అని అక్కడ పదిమందిలో అన్నాడు. అప్పటి నుండి గుడికి రాలేదు. మాకు రోషం వచ్చి మేమూ వెళ్ళలేదు. హృదయం కఠినపరచుకున్నాడు అని మాలో మేము అనుకున్నాము. 2011లో ఆయన చనిపోతే సమాధి కార్యక్రమానికి వెళ్ళాము, అంతవరకు మధ్యలో పదిహేనేళ్ళు.

చక్రం తిరుగుతూనే ఉంది. మామ్మ గారు తెర వైపు చూస్తూ, "ఆయనుంటే రిమోట్ నాకిచ్చేవోరు కాదండి" అని నవ్వారు. నిందించలేదు, ఊరికే అన్నారు. మేము అక్కడే ఆమె చెయ్యి పట్టుకుని, మామ్మా, ఆ రోజు మీ ఇంట్లో మేము చేసింది తప్పు, ఆయన దగ్గరకు రాకపోవడం ఇంకా పెద్ద తప్పు, క్షమించండి అన్నాము. మనవడు, ఆ యువకుడు తల దించుకున్నారు. మామ్మ గారు కాసేపు ఊరుకుని, "అప్పుడు మీరు కుర్రోళ్ళు అయ్యగారండీ" అన్నారు.

అప్పుడే బొమ్మ వచ్చింది. మా బొమ్మే. పెదవులు ఆడుతున్నాయి, మాట లేదు. "బొమ్మ వత్తంది గానీ మాట రాట్లేదండి" అన్నారు మామ్మ గారు. అది కూడా టీవీ లోపం కాదు. పేజీ తెరవగానే దానంతటదే మొదలయ్యే వీడియోలను బ్రౌజర్లు ఇప్పుడు శబ్దం కట్టేసి నడిపిస్తాయి. కింద స్పీకరు బొమ్మ మీద గీత ఉంటుంది, దాని మీద నొక్కాలి. యువకుడు నొక్కబోతే మేమే ఒక నిమిషం ఆగమన్నాము. మాట లేకుండా చేతులు ఊపుతున్న ఆ మనిషిని చూడాలనిపించింది.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ణి మోసుకొచ్చిన నలుగురు మీకు తెలుసు. తలుపు దగ్గర జనం, దారి లేదు. కప్పు విప్పి దించారు. కపెర్నహూములో ఇళ్ళకు నల్లరాతి గోడలు, దూలాల మీద కొమ్మలు పరిచి మట్టి మెత్తేవారు. లూకా పెంకులు అని వ్రాశాడు. పెంకుటింట్లో పుట్టిన మాకు ఆ పని ఎంత దుమ్మో తెలుసు. మత్తయి అసలు కప్పు సంగతే చెప్పలేదు. ఇన్నేళ్ళు మేము దీన్ని విశ్వాసం గురించే చెప్పాము, పట్టుదల గురించే చెప్పాము. ఆ సాయంత్రం వేరేది కనబడింది. ఆ నలుగురూ బోధను ఆ రోగి ఇంటికి చేరవేయలేదు. వాణ్ణి మంచంతో సహా ఎత్తారు. వాడి బరువు వాళ్ళ భుజాలకు తెలిసింది. మంచం తడిగా ఉంటే ఆ సంగతీ తెలిసే ఉంటుంది.

మిగతాది త్వరగా చెప్తాము. బొమ్మ ఆగి ఆగి వస్తుంటే ఫైలును 480 నాణ్యతకు తగ్గించాము, గంటకు సుమారు అర జీబీతో సరిపోతోంది, మనవడి రోజువారీ డేటా అయిపోవడం లేదు. ఆ పేజీని బుక్‌మార్క్ చేశాము, ఇక నలభై అక్షరాలు కొట్టక్కర్లేదు. డబ్బు కట్టి చూసే సినిమాలు ఈ దారిన చాలావరకు రావు, వాటికి తాళం ఉంటుంది. మామ్మ గారికి వాటితో పని లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అందరూ వినండి. బ్రౌజరులో ఏవేవో సైట్లకు వెళ్తే వీడియో మీద దొంగ ప్లే బటన్లు ఉంటాయి. నొక్కితే మీ టీవీకి వైరస్ పట్టిందనో, బహుమతి తగిలిందనో వస్తుంది. వెనక్కు వచ్చేయండి. ఫోన్ నంబరు గానీ ఓటీపీ గానీ టీవీలో కొట్టవద్దు.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి సోమవారం రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని వెళ్తున్నాము. సంఘంలోని ఇద్దరు సహోదరీలు రోజు మార్చి రోజు వెళ్ళి పుండు కడుగుతున్నారు, వారి పేర్లు వ్రాయవద్దన్నారు. ఇలా మంచం పట్టినవారు మన సంఘంలో మరో ఐదుగురు ఉన్నారని లెక్క వేశాము, ఆ లెక్క ఇన్నాళ్ళు మా దగ్గర లేదు.

మొన్న సోమవారం వెళ్ళేసరికి టీవీ ఆపి ఉంది. కరెంటు ఉంది. మళ్ళీ తారీఖు పోయిందా అని మనవణ్ణి అడిగాము. "లేదండీ, మీరొస్తారని మామ్మ ఆపెయ్యమంది" అన్నాడు.

పుండు ఇంకా మానలేదు. ఆమెను ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. మంచం పట్టినవారికి వేసే గాలి పరుపు ఎవరి ఇంట్లోనైనా వాడకుండా పడి ఉంటే దయచేసి మాకు ఫోన్ చేయండి, మేమే వచ్చి తీసుకెళ్తాము.