పెద్ద గ్లాసుడు నీళ్లు

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ వచ్చింది. "గొంతులో ఏదో అడ్డం పడిందట సార్, ఉమ్ము కూడా దిగట్లేదు" అన్నాడు క్యాజువాల్టీలో ఉన్న కుర్ర డాక్టరు. నేను వెళ్లేసరికి డెబ్బై ఏళ్లు దాటిన మామ్మగారు మంచం మీద ముందుకు వంగి కూర్చుని, ఒళ్లో పెట్టుకున్న స్టీలు గిన్నెలోకి ఉమ్ముతూ ఉన్నారు. నన్ను చూడగానే గుర్తుపట్టి, మాట రాకపోయినా చెయ్యెత్తి దణ్ణం పెట్టారు. కొడుకు సంచిలోంచి ఓ చీటీ తీసి నా చేతిలో పెట్టాడు. అది నా చీటీయే. పది రోజుల కిందట మలబద్ధకానికి నేనే రాశాను: ఇసబ్‌గోల్, రెండు చెంచాలు, రాత్రి పడుకునే ముందు.

ఎండోస్కోపు గొట్టం అన్నవాహికలో సగం దూరం వెళ్లిందో లేదో తెర మీద తెల్లటి ముద్ద కనపడింది. ఎక్కువగా నానిపోయిన సగ్గుబియ్యంలా ఉంది. జిగురు, మెత్తన. పట్టుకుంటే జారిపోతుంది, వదిలేస్తే కదలదు. చిన్న వలలాంటి సాధనంతో ముక్కలు ముక్కలుగా లాగడానికి దాదాపు నలభై నిమిషాలు పట్టింది. దాని కింద అన్నవాహిక కాస్త ఇరుకుగా ఉంది. మెతుకులు అప్పుడప్పుడు ఆగుతున్నాయని ఆవిడ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు రౌండ్స్‌లో అడిగాను. "ఎన్ని నీళ్లతో తాగారు మామ్మగారూ?"

"రెండు గుక్కలండి బాబూ. రాత్రి నీళ్లు తాగితే మళ్లీ లేవాలి కదా? చీకట్లో దొడ్లోకి వెళ్లాలి. మొన్న పెరటి మెట్టు మీద జారిపడ్డాను. అందుకని పొద్దు గూకితే నీళ్లు ముట్టనండి."

ఇసబ్‌గోల్ పొట్టు చేసే పని ఒక్కటే, తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్లు పీల్చుకుని ఉబ్బడం. పెద్దపేగులో ఉబ్బితే మందు, గొంతు దిగువన ఉబ్బితే బిరడా. పైగా రెండు గుక్కలతో మింగి ఆవిడ వెంటనే నడుం వాల్చారు. పడుకునే ముందు అని రాసింది నేనే కదా. చీటీలో నేను రాసిన ప్రతి అక్షరాన్నీ ఆవిడ తు.చ. తప్పకుండా పాటించారు. తప్పంతా నేను రాయని మాటలో ఉంది.

ముద్ద తీసిన రాత్రి చేతులు కడుక్కుంటుంటే ఒక సంగతి తట్టి నవ్వొచ్చింది. పీచుని ఫైబర్‌తో తీశాను! మా ఎండోస్కోపు పుట్టుకే గాజు పోగుల్లోంచి. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, సన్నటి గాజు పోగుల కట్ట ఎటు వంగినా దాని గుండా బొమ్మని పంపవచ్చని 1954లో 'నేచర్' పత్రికలో రాశారు. మూడేళ్లకి మిషిగన్‌లో బాసిల్ హిర్షోవిట్జ్ అలాంటి గొట్టాన్ని తయారుచేయించి, ముందు తానే మింగి చూసుకుని, తర్వాతే రోగికి వేశాడు. ఇప్పటి గొట్టాల కొసన చిన్న కెమెరా ఉంటుంది. అయినా లోపలికి వెలుతురు మోసుకెళ్లేది చాలావాటిలో ఇప్పటికీ ఆ పోగులే.

ఈ ఫైబర్ అనే మాటతో ఓపీలో తిప్పలు కూడా ఉన్నాయి. "ఫైబర్ పెంచండి" అన్నానొకసారి ఓ రైతుతో. "మా వీధిలోకి ఇంకా వెయ్యలేదండి, స్తంభాల దాకా వచ్చింది" అన్నాడు. ఇంటర్నెట్ తీగ అనుకున్నాడు పాపం. అప్పట్నుంచి పీచు అనే అంటున్నాను. దానికీ "కొబ్బరి పీచాండీ?" అనేవాళ్లున్నారు. మాది కోనసీమ మరి.

పీచు గురించి ప్రపంచం చెవిలో ఇల్లు కట్టుకుని పోరినవాడు డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ సర్జన్. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. ఉగాండాలో ఏళ్ల తరబడి పనిచేశాడు, ఒక రకం క్యాన్సర్‌కి ఆయన పేరే పెట్టారు. ఆయన్ని వేధించిన ప్రశ్న మాత్రం వేరు. ఇంగ్లండు ఆసుపత్రుల్లో నిత్యం చూసే పెద్దపేగు జబ్బులు ఆఫ్రికా పల్లెల్లో ఎందుకు కనపడవు? దానికోసం మలం తూకం వేయించాడు, తిన్నది బయటికి రావడానికి ఎన్ని గంటలు పడుతుందో లెక్కపెట్టించాడు. 1972లో 'లాన్సెట్'లో వేసిన ఆ లెక్క ప్రకారం ఉగాండా పల్లెవాసులకి రోజుకి నాలుగు వందల గ్రాముల పైమాటే, ఇంగ్లండువాళ్లకి వంద గ్రాములకి అటూ ఇటూ. నవ్వినవాళ్లు నవ్వారు. అది తూచినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. రోగి సిగ్గుపడి చెప్పని విషయాన్ని మేమూ సిగ్గుపడి అడగం, మా చదువులో ఇప్పటికీ ఉన్న లోపం అది.

బర్కిట్ చెప్పిన వాటిలో కొన్ని నిలబడలేదు, అసలు మాట నిలబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు 185 పరిశీలనల్నీ 58 ప్రయోగాల్నీ కలిపి జల్లెడ పట్టి, 2019లో 'లాన్సెట్'లోనే ప్రచురించారు. పీచు బాగా తినేవాళ్లలో మరణాలు, గుండె జబ్బులు, మధుమేహం, పెద్దపేగు క్యాన్సర్ 15 నుంచి 30 శాతం తక్కువ. రోజుకి 25 నుంచి 29 గ్రాముల మధ్య ఎక్కువ మేలు కనపడింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి కనీసం 25 గ్రాములు ఉండాలని చెప్పింది. అదీ తిండిలో సహజంగా ఉండే పీచు, డబ్బాలోది కాదు.

మన కంచంలో ఎంతుంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో చూడండి. వంద గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. రాగుల్లో 11, పొట్టు పెసల్లో 17, శనగల్లో 25. రోజంతా కలిపి మూడు వందల గ్రాముల సన్నబియ్యం వండుకు తిన్నా తొమ్మిది గ్రాములు దాటదు. దంపుడు బియ్యానికి మారితే పదమూడు. అంటే బియ్యం మార్చినంత మాత్రాన గట్టెక్కం. అసలు లోటు పక్కన వడ్డించే కూర దగ్గర ఉంది. అన్నం కొండంత, కూర గోరంత, అదీ మన భోజనం. శ్రావణమాసంలో వాయనం శనగలు ఇంటింటికీ తిరిగే రోజుల్లో మా ఓపీకి గ్యాస్ అంటూ వచ్చేవాళ్లు పెరుగుతారు. శనగల తప్పు కాదది. పదకొండు నెలలు పస్తు ఉంచిన పేగు బ్యాక్టీరియాకి ఒక్కసారిగా విందు పెడితే అవి అలాగే సందడి చేస్తాయి. వారానికి కాస్త చొప్పున పెంచుకుంటూ పోతే చాలామందిలో ఆ గోల సద్దుమణుగుతుంది.

ఇరవయ్యేళ్ల కిందట మాకు పీచంటే మలానికి బరువునిచ్చే చెత్త, అంతే. ఇప్పుడు కథ బ్యాక్టీరియా చుట్టూ తిరుగుతోంది. మనం అరిగించుకోలేని పీచుని అవి పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాల్ని తయారుచేస్తాయి. పెద్దపేగు గోడలోని కణాలకి ముఖ్యమైన ఇంధనం ఆ బ్యూటిరేటే. మరి పీచు దొరక్కపోతే? 2016లో 'సెల్' పత్రికలో వచ్చిన ఎలుకల ప్రయోగం చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. పీచు లేని మేత పెట్టిన ఎలుకల్లో, తిండి దొరకని బ్యాక్టీరియా పేగు గోడకి కాపలాగా ఉండే జిగురు పొరనే తినడం మొదలుపెట్టాయి. పొర పలచబడ్డాక చిన్న సూక్ష్మజీవి కూడా పెద్ద జబ్బు తెచ్చిపెట్టింది. ఇది ఎలుకల సంగతేననుకోండి.

మనుషుల్లో చేసినదొకటుంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ ఓకీఫ్ బృందం 2015లో ఇరవైమంది ఆఫ్రికన్ అమెరికన్లకీ, ఇరవైమంది దక్షిణాఫ్రికా పల్లెవాసులకీ రెండు వారాలపాటు తిండి తారుమారు చేసింది. వీళ్ల తిండి వాళ్లకి, వాళ్లది వీళ్లకి. రెండే వారాలు! అమెరికావాళ్ల పేగుల్లో బ్యూటిరేట్ పెరిగింది, లోపలి వాపు తగ్గింది. బర్గర్లకి మారిన పల్లెవాసుల్లో సరిగ్గా దానికి తిరగబడింది. పేగు ఇంత తొందరగా మాట వింటుందని నేననుకోలేదు.

అయితే ఈ లెక్కలు చేతికొచ్చాక మేమంతా ఒక తప్పు చేస్తున్నాం. పీచుని గ్రాముల్లో మాట్లాడి ఊరుకుంటున్నాం. ఏ రూపంలో, ఎవరికి, దేనితో అన్నది చెప్పడం లేదు.

మా దగ్గరకొచ్చే ఒక లెక్కల మాస్టారు ఉన్నారు. షుగరు. "చిరుధాన్యాలకి మారిపోయానండి" అని గర్వంగా చెప్పారు, కానీ టిఫిన్ తర్వాత రక్తంలో చక్కెర 260. ఏం తింటున్నారని అడిగితే, పొద్దున్నే రెండు గ్లాసుల రాగి మాల్ట్, అందులో కాస్త బెల్లం. మొలకెత్తించి, వేయించి, మెత్తగా పిండి పట్టించి, పలచగా కాచి తాగుతున్నారు. మొలకెత్తేటప్పుడే పిండిపదార్థం కొంత విరిగి చక్కెర అవుతుంది, మిగిలిన పని మిల్లు చేసిపెడుతుంది. గింజ గోడ పగిలిపోయాక లోపలి పిండికి అడ్డేముంది? పట్టికలో అది రాగే. పేగులో తెల్లబియ్యం గంజికి చుట్టం. మాల్ట్ మాన్పించి, పొట్టు తియ్యని పెసలతో వేసిన పెసరట్టు, పక్కన ఓ గిన్నెడు కూర తినమన్నాను. ఆరు వారాల తర్వాత అదే వేళకి 178. మందు మార్చలేదు. లెక్కల మాస్టారు కదా, తనే నోటుపుస్తకంలో గ్రాఫు గీసి పట్టుకొచ్చారు.

ఆయనకున్న మంచి అలవాటు గోరుచిక్కుడు కూర. ఆ గింజలోంచి తీసే గోరు బంకని 1970ల్లో డేవిడ్ జెంకిన్స్ అనే పరిశోధకుడు మధుమేహ రోగులకి ఇచ్చి చూశాడు. భోజనం తర్వాత చక్కెర పెరగడం నెమ్మదించింది. అదే బంక ఐస్‌క్రీమ్‌ని చిక్కబరుస్తుంది, అమెరికాలో రాతిపొరల్ని చీల్చి చమురు తీసే నీళ్లలోనూ కలుస్తుంది. 2012 ప్రాంతంలో ఆ గిరాకీతో రాజస్థాన్ రైతులకి డబ్బులు కురిశాయి. మన పిల్లలు మాత్రం కంచంలో పక్కకి నెట్టేస్తారు.

ఇక అందరూ అడిగేది చద్దన్నం. వండిన అన్నం చల్లారితే అందులోని పిండి కొంత బిగుసుకుని అరగని పిండిగా మారి పీచులాగే పనిచేస్తుంది, నిజం. 2015లో ఇండోనేషియా పరిశోధకులు కొలిచారు: వేడన్నంలో వంద గ్రాములకి 0.64 గ్రాములుంటే, ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ వేడిచేసిన దాంట్లో 1.65. రెండున్నర రెట్లు అని వాట్సాప్‌లో ఊదరగొట్టొచ్చు. నిజానికి పెరిగింది ఒక్క గ్రాము. చద్దన్నం గొప్పతనం నా లెక్కలో ఆ గ్రాములో లేదు, అందులో పులిసిన పెరుగులోనూ నంజుకునే ఉల్లిపాయలోనూ ఉంది. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో ముప్ఫై ఆరుగురితో పది వారాలు చేసిన ప్రయోగంలో, పులిసిన ఆహారం తిన్నవాళ్లలో పేగు బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, ఒంట్లో వాపు సూచించే పందొమ్మిది ప్రోటీన్లు తగ్గాయి. పీచు పెంచిన గుంపులో రకాలు పెరగనేలేదు. ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కోలా స్పందించింది. మొదట్నుంచీ బ్యాక్టీరియా రకాలు ఎక్కువున్నవాళ్లకే మేలు ఎక్కువ కనపడింది. చిన్న ప్రయోగమే, కాని నా ఓపీలో రోజూ చూసేదానికి దగ్గరగా ఉంది.

పీచు అందరికీ కాదని నాకు నేర్పింది ఒక సంక్రాంతి. పుండు కోసం ఎప్పుడో కడుపు ఆపరేషను అయిన పెద్దాయన, పళ్లు లేవు, తంపటేసిన తేగలు కట్టలకి కట్టలు చప్పరించి మింగేశారు. వారం తిరక్కుండా వాంతులు. కడుపులో నిమ్మకాయంత పీచు ఉండ. అలాంటి ఉండల్ని మెత్తబరచడానికి కోలా తాగించడం వైద్య పత్రికల్లో ఉన్న చికిత్సే. ఆయనకీ అదే చేసి, మర్నాడు ఎండోస్కోపుతో ముక్కలు చేశాం. "డాక్టరుగారు కూల్‌డ్రింకు రాశారు" అని ఊరంతా చెప్పుకున్నారట.

మామ్మగారి ఇరుకుని తర్వాత బెలూనుతో వెడల్పు చేశాం. ఇప్పుడు ఇసబ్‌గోల్ లేదు. మధ్యాహ్నం భోజనంలో అన్నమంత కూర, సాయంత్రం జామపండు, కోడలు మెత్తగా ఉడికించిన శనగలు గుప్పెడు. కొడుకు మంచం పక్కనే బాత్రూము కట్టించాడు, నా సలహాలన్నిటికన్నా అదే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం. ఇప్పుడు రాత్రి కూడా దాహమేస్తే నీళ్లు తాగుతున్నారు.

ఇసబ్‌గోల్ వాడేవాళ్లకి నా మనవి ఇంతే. పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి వెంటనే తాగండి, ఆపైన ఇంకో గ్లాసు తాగండి. తాగాక కనీసం గంట సేపు నడుం వాల్చకండి. మెతుకు అడ్డం పడుతున్నట్టు ఎప్పుడైనా అనిపించి ఉంటే, డబ్బా మూత తియ్యకముందే డాక్టరుకి చెప్పండి, ఆయన అడక్కపోయినా సరే.