పాఠకుడికి వదిలేసిన లెక్కలు

యాభై రెండేళ్ళ వయసులో లీనియర్ ఆల్జీబ్రా ఎందుకని ఇంట్లో అందరూ అడిగారు. మా అమ్మాయి ఒక్కతే "ఏ పుస్తకం అమ్మా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఒకప్పుడు జావా, ఒరాకిల్ బోర్డులుండే మేడల మీద ఇప్పుడు డేటా సైన్స్ బోర్డులు. అలాంటి ఒక కోర్సులో చేరిన మా అమ్మాయి నోట్సులో మాట్రిక్సులు చూసి నా పాత చదువు గుర్తొచ్చింది. తెలుగు మీడియం డిగ్రీ. మాత్రికలు, నిర్ధారకాలు, సదిశాంతరాళాలు. ఆ మాటలు ఇప్పటికీ నోటికొస్తాయి. అవి దేనికోసమో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత పెళ్ళి. ఆ కథ మీకందరికీ తెలిసిందే.

మెట్రో ఎక్కి కోఠీ పాత పుస్తకాల దగ్గరికెళ్ళాను. "బాబు ఏ ఇయర్ మేడమ్?" అన్నాడు షాపతను. నాకేనన్నాను. ఒకసారి తేరిపార చూసి, హాఫ్‌మన్-కుంజే తీసిచ్చాడు.

అది ఎమ్మెస్సీ పిల్లల చేతుల్లో తరచూ కనిపించే పుస్తకం. నిజంగా గొప్పదే. కానీ అమెరికాలోని ఎంఐటీ డిగ్రీ విద్యార్థుల కోసం రాశామని ముందుమాటలోనే ఉంది. పక్కన క్లాసు, మాస్టారు, తోటివాళ్ళు ఉన్నవాడు దాని పాఠకుడు. 'ఇది స్పష్టం', 'మిగిలింది పాఠకుడికి వదిలేస్తున్నాం' లాంటి మాటలు గణిత పుస్తకాలన్నిట్లో ఉంటాయి. ఆ పాఠకుడికి వరసగా మూడు గంటలుంటాయి. నాకు నల్లా నీళ్ళొచ్చేలోపు అరగంట, అత్తగారికి మందులిచ్చాక ఇంకో అరగంట. పదిహేను మెట్ల నిరూపణలో ఏడో మెట్టు దగ్గర లేచి వెళ్తే, తిరిగొచ్చి మళ్ళీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి.

షెల్డన్ ఆక్స్‌లర్ పుస్తకం నాలుగో ముద్రణ నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది. నిర్ధారకాలను చివరికి నెట్టేసిన ఆయన ధైర్యం నాకు బాగా నచ్చింది. అయితే అది ఈ సబ్జెక్టును రెండోసారి చదివేవాళ్ళ కోసమని ఆయనే అంటాడు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన ఎస్. కుమరేశన్ 2000లో తెచ్చిన పుస్తకం బొమ్మ గీసుకుని ఆలోచించమంటుంది. దాన్ని కొని పక్కన పెట్టుకున్నాను.

నేను మొదలుపెట్టింది మాత్రం గిల్బర్ట్ స్ట్రాంగ్‌తో. ఆయన పుస్తకానికి తోడు 1999లో రికార్డు చేసిన క్లాసు పాఠాలు ఎంఐటీ వాళ్ళు ఉచితంగా పెట్టారు. ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతాడు, విసుక్కోడు. ఆయన సమీకరణాలను అడ్డంగానే కాదు, నిలువుగా కూడా చూడమంటాడు. నా లెక్కలో చెప్తాను. ఒక సంచిలో రెండు కిలోల బియ్యం, ఒక కిలో పప్పు. ఇంకో సంచిలో ఒక కిలో బియ్యం, మూడు కిలోల పప్పు. మనకు ఐదు కిలోల బియ్యం, ఐదు కిలోల పప్పు కావాలి. డిగ్రీలో అయితే రెండు గీతలు గీసి, ఎక్కడ ఖండించుకుంటాయో చూసేవాళ్ళం. ఆయన పద్ధతిలో ప్రశ్న వేరు: ఏ సంచి ఎన్ని తేవాలి? మొదటిది రెండు, రెండోది ఒకటి. ఆ సంచులే సదిశలు. వాటిని కలిపి ఏమేం తేగలమో అదంతా అంతరాళం. ముప్ఫై ఏళ్ళుగా నోట్లో నానిన మాట ఆ సాయంత్రం అర్థమైంది.

ఈ నాలుగు పుస్తకాల అట్టల మీదా ఆడపేరు లేదని గమనించారా? ఓల్గా టౌస్కీ-టాడ్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమాన రెక్కల కంపనాన్ని మాత్రికలతో లెక్కగట్టింది. 1957లో భర్తతో కలిసి కాల్‌టెక్‌కి వెళ్తే ఆయన ప్రొఫెసర్, ఆమె రీసెర్చ్ అసోసియేట్. ఆమెకు ప్రొఫెసర్ పదవి 1971లో గానీ రాలేదు.

ప్రస్తుతం పదో పాఠంలో ఉన్నాను. నాలుగు ఉపాంతరాళాలట. మూడు తెలిశాయి. నాలుగోదాని దగ్గర వారం నుంచీ కూర్చున్నాను.