ఆరు రోజులు, రెండు మోకాళ్ళు, ఓ అగ్నిపర్వతం

మన సాఫ్టువేరు జనం యూరప్ వెళ్ళాలనుకుంటే ముందు తెరిచేది ఎక్సెల్ షీటు. ఆ తర్వాత అందులో దేశాలు కుక్కడం మొదలెడతాం. పది రోజులు, ఏడు దేశాలు, ఊరికి మూడు గంటలు, మూడొందల ఫోటోలు. తిరిగొచ్చాక "ఈ గడియారం స్తంభం ఏ ఊళ్ళోది?" అని మనలో మనమే వాదించుకుంటాం. ఎవరి సరదా వాళ్ళది, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో నడుస్తున్న ప్లాను మాత్రం వేరే రకం. ఇటలీలో నేపుల్స్ సముద్రతీరం, ఆరు రోజులు, అంతే. పాంపే, హెర్క్యులేనియం, పొజ్జువోలి. రోము కూడా లేదు.

"ఇటలీ వెళ్ళి రోము చూడవా?" అని మా టీములో ప్రతివాడూ అడిగాడు. చూడనండీ. కారణం మా అమ్మ.

అమ్మ జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్ళు సోషల్ చెప్పింది. పోయినేడాది రిటైరైంది. ఆవిడ చూసిన దూరాభారం అంతా కాశీ, రామేశ్వరం. కానీ నల్లబల్ల మీద ఎన్నిసార్లు వెసూవియస్ కొండ బొమ్మ గీసిందో లెక్కలేదు. నా మొదటి ఉద్యోగం రోజునుంచీ ఒకటే మాట, "నన్నెక్కడికన్నా తీసుకెళ్ళాలనుంటే ఆ బూడిద కింద ఊరికి తీసుకెళ్ళు". ఇప్పుడు డబ్బులున్నాయి, లీవులున్నాయి. మోకాళ్ళు లేవు. రెండూ అరిగిపోయాయి, మార్చాల్సిందే అన్నారు డాక్టరుగారు. అమ్మ ఒప్పుకుంది, ఓ షరతు మీద: ముందు ప్రయాణం, తర్వాత ఆపరేషన్.

"ఆపరేషనయ్యాక హాయిగా తిరగొచ్చు కదమ్మా" అన్నాను. "అయ్యాక ఎలా ఉంటానో నువ్వు చెప్తావా? ఇవాళ నడుస్తున్నాను, అది నాకు తెలుసు" అంది. ఇక నా దగ్గర జవాబు లేదు. డాక్టరుగారేమో చదునుగా ఉన్నచోట, కూర్చుంటూ లేస్తూ, రోజుకి రెండు మూడు కిలోమీటర్లు నడవొచ్చన్నారు. ఎత్తులెక్కడం, మెట్లు దిగడం కుదరదన్నారు.

అక్కణ్ణుంచి నా ప్లానంతా కొట్టివేతలే. వెసూవియస్ బిలం దాకా ఎక్కడం - కొట్టేశాను. అమాల్ఫీ తీరం అంటే సగం మెట్లే - కొట్టేశాను. పాంపే దగ్గర ఆగిపోయాను. ఊరు మొత్తం సుమారు 66 హెక్టార్లు, అందులో మూడోవంతు ఇంకా తవ్వనేలేదు. తవ్వినదాంట్లో కూడా వీధులు నల్లటి అగ్నిశిలల బండలు, మధ్యలో బళ్ళ చక్రాలు అరగదీసిన గాళ్ళు. కుర్రాళ్ళకే కాలు మడత పడుతుంది. వెతగ్గా వెతగ్గా తెలిసింది, 2016లో అక్కడివాళ్ళు నడవలేనివాళ్ళ కోసం యాంఫీథియేటర్ వైపు ద్వారం నుంచి మూడు కిలోమీటర్లకు పైగా నున్నటి దారి వేశారట. మొత్తం నడవక్కర్లేదు, ఎక్కడ అలిసిపోతే అక్కడ వెనక్కి తిరగొచ్చు.

చక్రాల కుర్చీ మాటెత్తాను. "అందులో కూర్చోబెట్టేటట్లయితే నేను రాను" అని ఒక్కమాటలో తేల్చేసింది. చివరికి రాజీ ఏంటంటే, విప్పితే పీటలా కూర్చోగలిగే చేతికర్ర. దాన్ని పట్టుకుని రోజూ సాయంత్రం కాలనీ పార్కులో ప్రాక్టీసు చేస్తోంది.

నెల ఎంచుకోవడంలో మాత్రం ఇద్దరం చాలా హుషారుగా ఉన్నాం. ఎండలుండవని అక్టోబరు అనుకున్నాం. క్రీస్తుశకం 79లో అగ్నిపర్వతం పేలింది ఆగస్టు 24న అని అమ్మ చదువుకుంది, అదే చెప్పింది. కానీ 2018లో పాంపేలో ఓ ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన రాత బయటపడింది. అందులో ఉన్నది అక్టోబరు 17కి సరిపోయే తేదీ. సంవత్సరం లేదు కానీ, బొగ్గు రాత ఎన్నో ఏళ్ళు నిలవదు కాబట్టి పేలింది ఆ తర్వాతే అయ్యుంటుందని చాలామంది అంటున్నారు. చర్చ ఇంకా తెగలేదు. ఇది చెప్పగానే అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే 31 బ్యాచులకి తప్పు తేదీ చెప్పానంటావా?" అంది. "పుస్తకంలో ఉన్నదే కదమ్మా చెప్పావు" అన్నాను. "పుస్తకం మారితే పంతులమ్మ కూడా మారాలిరా" అని నోట్సులో రాసుకుంది.

నాన్నకి ఇవేం పట్టవు. "రాళ్ళు చూడ్డానికి అన్ని లక్షలా? మన హంపీలో లేవా రాళ్ళు?" అంటారు. నిజమే, ఉన్నాయి. కానీ ఆ రాళ్ళకీ మనకీ చుట్టరికం ఉందని చెప్పి ఒప్పించాల్సొచ్చింది. ప్లినీ అని ఓ రోమన్ పెద్దాయన ఉండేవాడు. తన గ్రంథంలో ఆంధ్రుల గురించి రాశాడు: ముప్ఫై కోట పట్నాలు, లక్షమంది కాల్బలం, రెండువేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు అని. ఏటా ఇండియా సరుకులకి ఐదుకోట్ల సెస్టర్సులు పోతున్నాయని అందులోనే వాపోయాడు. ఆయనే ఆ 79లో నేపుల్స్ తీరంలో మిసేనం దగ్గర నౌకాదళానికి అధిపతి. కొండ మీద మేఘం చూసి ముందు కుతూహలంతో, తర్వాత జనాన్ని కాపాడ్డానికి ఓడలేసుకుని బయల్దేరి, అక్కడే పోయాడు. పదిహేడేళ్ళ మేనల్లుడు మాత్రం చదువుకోవాల్సింది ఉందని వెంట వెళ్ళక బతికిపోయాడు. మనకీ కథ తెలిసింది ఆ పిల్లాడు పెద్దయ్యాక రాసిన ఉత్తరాల వల్లే. (చదువుకుంటే బతుకుతారు అనడానికి అమ్మ క్లాసులో వాడే ఉదాహరణ ఇదే :) )

అంతే కాదు. 1938లో పాంపేలో ఓ ఇంట్లో జానెడు పైచిలుకు పొడవున్న దంతపు బొమ్మ దొరికింది. 'పాంపే లక్ష్మి' అంటారు గానీ యక్షిణి అయ్యుండొచ్చట. అలాంటి బొమ్మలే మన దక్కనులో సాతవాహనుల కాలం నాటి భోకర్‌దన్‌, తేర్ లలో దొరికాయి. ఇప్పుడది నేపుల్స్ మ్యూజియంలో ఉంది. మన వైపు నుంచి రెండువేల ఏళ్ళ కింద వెళ్ళి బూడిదలో ఇరుక్కుపోయిన ఆడమనిషి అనగానే నాన్న మెత్తబడ్డారు. "సర్లే, చూసొద్దాం" అన్నారు. మంగళవారాలు ఆ మ్యూజియానికి సెలవు, ఎవరన్నా వెళ్తే గుర్తుంచుకోండి.

నాకోసం ఉంచుకున్నది హెర్క్యులేనియం. అక్కడ ఓ భవనంలో బొగ్గైపోయిన పుస్తకాల చుట్టలు వందల్లో దొరికాయి. విప్పితే పొడైపోతాయి. 2023లో ల్యూక్ ఫారిటర్ అనే 21 ఏళ్ళ కంప్యూటర్ సైన్సు విద్యార్థి, విప్పని చుట్ట స్కాన్లమీద మెషిన్ లెర్నింగ్ నడిపి ఒక మాట చదివాడు. 'ఊదారంగు' అని అర్థం. తర్వాతి ఫిబ్రవరిలో అతనూ ఇంకో ఇద్దరూ కలిసి రెండువేల పైచిలుకు అక్షరాలు చదివి ఏడు లక్షల డాలర్ల బహుమతి కొట్టారు. మనం రోజంతా చేసే కోడింగుతో చచ్చిపోయిన పుస్తకం ఒకటి నోరు తెరిచిందంటే, ఆ ఊరి నేల ఓసారి తొక్కి రావాలనిపించదూ?

నేను వదులుకున్నది పేస్టం. అక్కడ మూడు గ్రీకు గుళ్ళు, 1968లో దొరికిన సమాధిలో నీళ్ళలోకి దూకుతున్న మనిషి బొమ్మ. ఆ బొమ్మని కాలేజీ రోజుల్నుంచీ చూడాలనుంది. గుడి చుట్టూ నేల చదునే, కానీ రానూపోనూ రైళ్ళలోనే సగం రోజు పోతుంది, మర్నాడు అమ్మ లేవలేదు. బదులు పక్కనే ఉన్న పొజ్జువోలి. అక్కడి పాత సంత స్తంభాలకి మధ్య భాగంలో సముద్రపు ఆలిచిప్పలు తొలిచిన చిల్లులున్నాయి. అంటే నేల మునిగి, మళ్ళీ లేచిందన్నమాట. వీధి రెయిలింగు దగ్గర నిలబడి చూడొచ్చు, దిగక్కర్లేదు. నేల ఇప్పటికీ లేస్తూనే ఉంది. 1982-84 మధ్య దాదాపు 1.8 మీటర్లు లేచింది, 2024 మేలో 4.4 తీవ్రతతో కంపించింది. "భూకంపాలొచ్చే చోటికి తీసుకెళ్తావా?" అన్నారు నాన్న. అబద్ధం చెప్పలేను, కొంచెం భయం నాకూ ఉంది. అందుకే అక్కడ పూట మాత్రమే, బస నేపుల్స్‌లో.

వీసాకి మనిషికి 90 యూరోలు, ముప్ఫైవేల యూరోలకి ఇన్సూరెన్సు, బ్యాంకు కాగితాలు, రోజువారీ ప్రయాణ వివరం. ఆ వివరం రాస్తుంటేనే అసలు సంగతి తేలింది. పాంపేలో అన్నీ కవర్ చేద్దామని ఇళ్ళ జాబితా వేస్తున్నాను. అమ్మ వెనక నుంచి చూసి, "మొత్తం చూడాలని ఎవరన్నార్రా? ఒక్క వీధి చాలు. ఆ చివర నుంచి ఈ చివరకి నేను నడవాలి, అంతే" అంది.

ఆరు రోజుల్లో నాలుగో రోజు ఎదుట ఏమీ రాయలేదు. పాంపే మర్నాడది. మోకాళ్ళు ఏం చెప్తే అది చేస్తాం. 2024 నవంబరు నుంచి పాంపేకి రోజుకి ఇరవైవేల మందినే, అదీ పేర్లున్న టికెట్ల మీదే పంపిస్తున్నారు. అందుకని మూడోరోజు టికెట్లకి పాస్‌పోర్టులో ఉన్నట్టే పేర్లు రాసి పెట్టుకున్నాను. మొదటి పేరు అమ్మది, ఇంటిపేరుతో సహా.