పండ్రెండు మెట్లు – నాలుగు గొంతులు

పాలమూరు సీమలో కిన్నెర యను వాద్యము కలదు. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తంతులు, తేనెమైనముతో అతికించిన మెట్లు – ఇంతియే దాని సామగ్రి. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యగారు పండ్రెండు మెట్ల కిన్నెర మీటుచు వీరగాథలు పాడి, 2022లో పద్మశ్రీ పురస్కారమును పొందిరి. తంతిని మెట్టుపై అదిమినచో కంపించు భాగము కురుచయగును; స్వరము హెచ్చును. కాని ఒంటి తంతి పలుకు మిక్కిలి సన్నము. బుర్రయు, అందలి గాలియు తోడుగా కంపించినపుడే అది పదిమందికి వినవచ్చును.

స్వరమును పుట్టించుట, దానిని పెద్దది చేయుట – చేతిలో ఇమిడెడు ఆటయంత్రమునకును ఈ రెండు పనులే కలవు. 1989లో జపాను దేశపు నింటెండో సంస్థ గేమ్ బాయ్ అను ఆటయంత్రమును వెలువరించెను. అందు తంతి లేదు. చిన్న చిప్పులో విద్యుత్తు ఎక్కుచు దిగుచుండును. సెకనుకు 440 మారులు ఎక్కి దిగిన ఒక స్వరము పలుకును; 880 మారులైనచో అదే స్వరము పై స్థాయిలో పలుకును.

ఆ యంత్రమునకు నాలుగు గొంతులే కలవు. మొదటి రెండును ఇట్టి ఎక్కుదిగుళ్లతోనే పాటను పలుకును. విద్యుత్తు ఎక్కియుండు కాలమును హెచ్చించినను తగ్గించినను, స్వరము మారక గొంతు తీరు మారును. మూడవ గొంతు తరంగమునకు 32 మెట్లు. ఒక్కొక్క మెట్టు ఎత్తును 16 స్థాయిలలో ఏదైన ఒకదానిగా అమర్చవచ్చును. నాలుగవది క్రమము లేని హోరు. ప్రేలుడును, డప్పు దెబ్బయు దానినుండియే వచ్చును. తుదకు ఆ విద్యుత్తు స్పీకరులోని తీగచుట్టను చేరును. అయస్కాంతము చెంత చుట్ట కదలగా, దాని కంటియున్న పలుచని పొర గాలిని కంపింపజేయును. కిన్నెరకు బుర్ర యెట్టిదో, యంత్రమునకు ఆ పొర అట్టిది.

గేమ్ బాయ్ తయారీ ఎన్నడో నిలిచిపోయినది. అయినను దాని గొంతుల పనితీరు వివరముగా వ్రాయబడి యున్నందున, కంప్యూటరులు నేటికిని దానిని పలికింపగలవు. కిన్నెర విద్య అట్టిది కాదు. అది తండ్రి చేతినుండి కొడుకు చేతికి, పెద్దల నోటినుండి పిన్నల చెవికి వచ్చినది. ఏ మెట్టుపై వ్రేలు ఎంత అదుమవలెనో చేతికే తెలియును. నేర్చు చేయి లేనినాడు వాద్యము గోడకు వ్రేలాడుచునే యుండును. పాట మాత్రము ఉండదు. ఆటయంత్రమును పట్టిన చిన్న చేయి ఒక్కమారు ఆ మెట్లను తాకిన చాలును. రెండింటిలోను కంపించునది ఒకే గాలి యని దానికి తెలియును.