సావో అడవిలో ఒక ఆదివారం



ఆఫ్రికా అడవి చూసొచ్చానని చెప్పగానే మా రూములో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "పులి కనబడిందా?" అని. ఇంటికి ఫోను చేస్తే మా పాప అడిగిందీ అదే. కాబట్టి ముందు ఆ సంగతి చెప్పేస్తాను. ఆఫ్రికా అడవుల్లో పులి లేదు. పులి మన ఆసియా జంతువు. అక్కడ ఉండేవి సింహాలు, చిరుతలు, ఏనుగులు, జిరాఫీలు, చారల గుర్రాలు. పులి లేదంటే పాప కొంచెం ముఖం ముడుచుకుంది గానీ, సింహం ఫొటో పంపాక సర్దుకుంది.

నాలాంటి గుమాస్తాకి సఫారీ ఎలా దొరికిందని మీకు అనుమానం రావచ్చు. నేను దుబాయ్‌లో ఒక కంపెనీ సైటు ఆఫీసులో హాజరు పట్టీలు, టైం షీట్లు రాసే ఉద్యోగిని. చదివింది ఇంటర్మీడియెట్. 2025లో మా కంపెనీకి కెన్యా దేశంలోని మొంబాసా రేవు దగ్గర గోదాములు కట్టే పని వచ్చింది. లెక్కలు చూడ్డానికి నన్ను మూడు నెలలకు పంపారు. ఆగస్టులో ఒక ఆదివారం అక్కడి ఆఫీసు వాళ్ళు వ్యాను మాట్లాడి స్టాఫునంతా సావో అడవికి తీసుకెళ్ళారు. విదేశీయులకు టికెట్టు చాలా ఖరీదు. సొంత జేబులోంచి అయితే నేను గేటు బయటే నిలబడి ఫొటో దిగి వచ్చేవాణ్ణి.

సఫారీ అంటే మనం వేటో, విహారమో అనుకుంటాం. అక్కడి స్వాహిలీ భాషలో ఆ మాటకు ప్రయాణం అనే అర్థం. అరబ్బీ సఫర్ నుంచి వచ్చింది. ఉర్దూలోనూ అదే సఫర్. ఆ లెక్కన శంషాబాద్‌లో విమానం ఎక్కిన ప్రతివాడూ సఫారీ చేసినవాడే. ఆ భాషలో మనకు తెలిసిన మాటలు ఇంకా ఉన్నాయి. డబ్బును పేసా అంటారు, దుకాణాన్ని దూకా అంటారు, బండిని గారీ అంటారు. చాయ్, చపాతీ అంటే అలాగే అర్థమవుతుంది. సింహాన్ని సింబా అంటారు.

తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరాం. మొంబాసా నుంచి నైరోబి వెళ్ళే రోడ్డు మీద వోయి అనే ఊరు వస్తుంది, దాదాపు 150 కిలోమీటర్లు. అక్కడ సావో ఈస్ట్ నేషనల్ పార్కు గేటు ఉంది. సావో అడవిని 1948లో పార్కుగా ప్రకటించారు. ఈస్ట్, వెస్ట్ రెండు భాగాలూ కలిపితే 20 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అంటే మన పాత ఉమ్మడి జిల్లా ఒకటి పూర్తిగా పట్టి ఇంకా మిగులుతుంది.

డ్రైవరు యాభై ఏళ్ళ పెద్దమనిషి, ఇరవై ఏళ్ళుగా ఇదే పని. గేటు దగ్గరే నియమాలు చెప్పాడు. బండి దిగకూడదు, కేకలు వేయకూడదు, దారి వదిలి పోకూడదు, జంతువులకు తిండి వేయకూడదు. ఆ చివరి నియమం మాకు చెప్పినట్టు కోతులకు ఎవరూ చెప్పలేదు. టికెట్లు చూపిస్తుండగా కుక్క మూతి లాంటి మూతి ఉన్న పెద్ద బబూన్ కోతి కిటికీలోంచి చెయ్యి పెట్టి మా అరటిపళ్ళ గెల పట్టుకుపోయింది. పులిహోర డబ్బా సీటు కింద ఉంది కాబట్టి మధ్యాహ్నం భోజనం దక్కింది.

లోపలికి వెళ్ళగానే నాకు వింతగా తోచింది అక్కడి నేల. అచ్చం మన ఎర్ర చెల్క నేల. ఆ ఎర్ర మట్టిలో ఏనుగులు పొర్లుతాయి, తొండంతో ఒంటి మీద చల్లుకుంటాయి. ఎండ నుంచి, పురుగుల నుంచి అదే వాటికి కాపు. అందుకే సావో ఏనుగులు నల్లగా ఉండవు, ఇటుక రంగులో ఉంటాయి. దూరం నుంచి చూసి మట్టి దిబ్బలనుకున్నాను. దిబ్బ కదిలింది. చూస్తే పదకొండు ఏనుగులు, రెండు పిల్లలు.

నీటి మడుగు దగ్గర వాటిని గంటసేపు చూశాం. మందకు పెద్ద ఒక ముసలి ఆడ ఏనుగు. అది ఆగితే అన్నీ ఆగుతాయి, కదిలితే కదులుతాయి. కరువొస్తే ఏ దిక్కున నీళ్ళుంటాయో గుర్తుపెట్టుకుని నడిపించేది అలాంటి పెద్దదేనట. 2022లో కెన్యాలో పెద్ద కరువు వచ్చింది. ఆ ఏడు ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా దేశంలో 205 ఏనుగులు కరువుకు చనిపోయాయని ప్రభుత్వం లెక్క చెప్పింది. అంతకుముందు 2021లో చేసిన గణనలో దేశం మొత్తం మీద 36,280 ఏనుగులు తేలాయి. గుమాస్తాను కదా, నాకు ఆ లెక్క విని ఆశ్చర్యం వేసింది. ఏనుగులకు కూడా హాజరు పట్టీ ఉంది!

ఏనుగు కడుపుతో ఉండేది దాదాపు 22 నెలలు. ఈ మాట డ్రైవరు చెప్పగానే మా ఫోర్‌మన్ నవ్వి, "మన కాంట్రాక్టంత అన్నమాట" అన్నాడు. నిజమే. మనం రెండేళ్ళకోసారి ఇంటికి పోతాం. ఈలోగా పిల్ల పుట్టి, నడక నేర్చి, మనల్ని చూసి భయపడి అమ్మ వెనక దాక్కుంటుంది. ఆ ఏనుగు పిల్ల మాత్రం తల్లి కాళ్ళ మధ్య నుంచి బయటికి రాలేదు. మా బండిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

తర్వాత చాలా చూశాం. వెనక కాళ్ళ మీద మనిషిలా నిలబడి చెట్టు కొమ్మల ఆకులు తినే పొడుగు మెడ జింకను చూశాం. దాన్ని గెరెనుక్ అంటారు. నీళ్ళు తాగకుండా ఆకుల్లోని తేమతోనే చాలా రోజులు బతుకుతుందట. జిరాఫీలు ముళ్ళ తుమ్మను మన మేకల్లాగే తింటున్నాయి. ఒక చెట్టుకు గిజిగాడి లాంటి పిట్టల గూళ్ళు వందకు పైగా వేలాడుతున్నాయి. ఆ జాతిలో చాలావాటిలో మగపిట్ట గూడు అల్లుతుంది, ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితేనే ఉంటుంది. దూరదేశంలో ఉండి ఊళ్ళో ఇల్లు కట్టిస్తున్న మనవాళ్ళు గుర్తొచ్చారు. స్లాబు ఫొటో పంపితే మెట్లు ఆ పక్కకి పెట్టించమని ఇంటి నుంచి ఫోను వస్తుంది కదా, అదే బాధ ఆ మగపిట్టది కూడా.

పదకొండు గంటలకు సింహాలు కనబడ్డాయి. ఒక పొద నీడలో మూడు ఆడ సింహాలు, కొంచెం దూరంగా ఒక మగది. సినిమాల్లో ఉండే పెద్ద జూలు దానికి లేదు. మెడ మీద నాలుగు వెంట్రుకలు, అంతే. సావోలో మగ సింహాలకు జూలు తక్కువగా ఉండటం మామూలేనట, అక్కడి వేడి దానికి ఒక కారణమని చెబుతారు. సింహం రోజులో ఇరవై గంటల దాకా పడుకునే ఉంటుందట. మాకు కూడా పడుకునే దర్శనమిచ్చింది. ఒకసారి తల ఎత్తి మా వైపు చూసి, ఆవులించి, మళ్ళీ పడుకుంది. ఆ ఒక్క చూపుకే నా చేతిలో ఫోను వణికింది.

అప్పుడు డ్రైవరు అడిగాడు, "మీరు ఇండియన్లు కదా, రైలు వంతెన చూస్తారా?" అని. ఎందుకంటే ఆయన చెప్పిన కథ విని, అందరం చూస్తామన్నాం. వోయి నుంచి నైరోబి వైపు 50 కిలోమీటర్ల దూరంలో సావో నది మీద ఉందది. ఆ కథ మీకూ చెప్పాలి, ఎందుకంటే అది ఒక లేబర్ క్యాంపు కథ.

1896లో ఇంగ్లీషువాళ్ళు మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలు మార్గం మొదలుపెట్టారు. 1901లో పట్టాలు సరస్సు చేరాయి. ఆ పనికి మన దేశం నుంచి దాదాపు 32 వేల మందిని ఓడల్లో తెచ్చారు. ఎక్కువమంది పంజాబు వాళ్ళు. మూడేళ్ళ అగ్రిమెంటు. మన తెలుగువాళ్ళు ఇలాంటి కాగితాల మీదే మారిషస్‌కు, నాటాల్ చెరకు తోటలకు పోయారు. రైలు పనికి వచ్చినవాళ్ళలో దాదాపు 2,500 మంది ఇక్కడే చనిపోయారు. జ్వరాలు, విరేచనాలు, ప్రమాదాలు. ఆరువేల పైచిలుకు మంది ఈ దేశంలోనే ఉండిపోయారు.

1898లో సావో నది మీద వంతెన కట్టే పని ప్యాటర్సన్ అనే ఇంజనీరుకు అప్పగించారు. ఆ ఏడాదే రెండు మగ సింహాలు కూలీల గుడారాల మీద పడ్డాయి. రాత్రిపూట వచ్చి, గుడారంలో పడుకున్న మనిషిని ఈడ్చుకుపోయేవి. చుట్టూ ముళ్ళ కంచె వేశారు, దూకి వచ్చాయి. మంటలు వేశారు, లెక్కచేయలేదు. మనుషులు చెట్ల మీద, నీళ్ళ ట్యాంకుల మీద పడుకున్నారు. కొందరు గుడారంలోనే గొయ్యి తవ్వి, పైన దుంగలు కప్పుకుని పడుకున్నారు. పగలంతా రాళ్ళు మోసి, రాత్రి గోతిలో దూరి తెల్లవారే దాకా చెవులు రిక్కించి ఉండటం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

సింహాలు మనుషుల మీద ఎందుకు పడ్డాయంటే కారణాలు చెబుతారు. 1890లలో పశువుల మహమ్మారి వచ్చి అడవి దున్నలు, పశువులు చచ్చిపోయాయి. ఒక సింహానికి కోర పన్ను విరిగి చీము పట్టింది, పెద్ద జంతువును పట్టడం దానికి కష్టం.

డిసెంబరులో కూలీలు ఒక పని చేశారు. దొర దగ్గరికి గుంపుగా పోయి, మేము సర్కారు పనికి వచ్చాం గానీ సింహాలకు మేతగా రాలేదని చెప్పేశారు. అటుగా వచ్చిన రైలు ముందు పట్టాల మీద పడుకుని దాన్ని ఆపారు. సామాన్లు పైకి విసిరి, వందలమంది ఎక్కి మొంబాసా వెళ్ళిపోయారు. దాదాపు మూడు వారాలు వంతెన పని ఆగిపోయింది. ఆ మూడు వారాలూ మిగిలినవాళ్ళు సింహాలు చొరబడలేని గుడిసెలు కట్టుకున్నారు. అంటే గట్టి గూడు కావాలన్న సంగతి పని ఆగాకే పైవాళ్ళకు తట్టింది. చివరికి డిసెంబరు 9న ఒక సింహాన్ని, 29న రెండోదాన్ని ప్యాటర్సన్ కాల్చి చంపాడు.

ఎంతమంది చనిపోయారు? రైల్వే లెక్కలో భారతీయ కూలీలు 28 మంది. చనిపోయిన ఆఫ్రికావాళ్ళకు సరైన లెక్కే రాయలేదు. తర్వాత ప్యాటర్సన్ 135 మంది అని రాశాడు. 2009లో శాస్త్రవేత్తలు ఆ సింహాల ఎముకలు, వెంట్రుకలు పరీక్షించి, తిన్నది సుమారు 35 మందిని అయి ఉండొచ్చని తేల్చారు.

వంతెన దగ్గర నిలబడి నేను ఆలోచించింది ఈ లెక్క గురించే. ఆ సింహాలు ఇప్పుడు అమెరికాలో చికాగో ఫీల్డ్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. ప్యాటర్సన్ 1907లో పుస్తకం రాశాడు. 1996లో హాలీవుడ్ సినిమా వచ్చింది, మన ఓం పురి కూడా అందులో ఉన్నాడు. ఆ సినిమాలో సింహాలకు కూడా పేర్లు పెట్టారు. పుస్తకంలో కూలీల పేర్లు మాత్రం కొన్నే ఉన్నాయి. సింహం ఈడ్చుకుపోయిన జమాదారు ఉంగన్ సింగ్ పేరు వాటిలో ఒకటి. మిగతావాళ్ళలో చాలామంది ఒక అంకె అయిపోయారు. మా డ్రైవరు కూడా సింహాల కథ చెప్పినంత వివరంగా మనుషుల కథ చెప్పలేకపోయాడు. ఆయనకు ఎవరు చెప్పారు గనక?

మా వైపు చావును సావు అంటాం. సావో అనే మాటకు ఇక్కడి కంబా వాళ్ళ భాషలో వధ అని అర్థం చెబుతారు. రెండు భాషలకూ సంబంధం లేదు, అయినా ఆ బోర్డు చదివినప్పుడు గుండె జల్లుమంది.

నా ఉద్యోగంలో కష్టమైన పని ఒకటుంది. క్యాంపులో ఎవరైనా కన్నుమూస్తే ఊరికి పంపే కాగితాలు నేనే నింపుతాను. ఇప్పటికి మూడుసార్లు నింపాను. పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, పాస్‌పోర్టు నంబరు. ఒక్కో అక్షరం వేలు పెట్టి సరిచూస్తాను. పేరులో ఒక అక్షరం తేడా వస్తే ఇన్సూరెన్సు దగ్గర ఆ ఇల్లాలు ఎన్నిసార్లు తిరగాలో మీకు తెలుసు. మూడోసారి మనిషి రూములో వెతికితే ఇంటి ఫోను నంబరు కూడా దొరకలేదు. రూములో వాళ్ళకు అతని ఇంటిపేరు తెలియదు. నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాళ్ళు!

సాయంత్రం తిరిగి వస్తుంటే కొత్త రైలు మార్గం కనబడింది, 2017లో మొదలైంది. కింద ఏనుగులు దాటడానికి ఎత్తుగా దారులు వదిలి కట్టారు. జంతువు నడిచే దారిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. చూసి సంతోషం కలిగింది.

మిత్రులారా, నేను కోరేది చిన్న పని. ఈ సెలవు రోజున బట్టలుతికాక ఒక పావుగంట కూర్చోండి. ఒక తెల్ల కాగితం మీద మీ పేరు, ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, మండలం, ఇంట్లో ఇద్దరి ఫోను నంబర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. పాస్‌పోర్టు జిరాక్సు, ఇన్సూరెన్సు కాగితం జిరాక్సు దానికి జత చేయండి. ఒకటి పెట్టెలో పెట్టి, ఒకటి రూములో నమ్మకమైన అన్న చేతికివ్వండి. రాయడం రానివాళ్ళకు పక్కవాళ్ళు రాసిపెట్టండి. దాని కిందనే ఏ సంవత్సరం వచ్చారో, ఏ బిల్డింగులో, ఏ రోడ్డు మీద, ఏ వంతెన మీద పని చేశారో కూడా రాయండి. ఆ చివరి ముక్క ఏ ఆఫీసుకూ అక్కర్లేదు. మీ పిల్లలకు కావాలి.

నేను నాది మొంబాసాలో ఆ రాత్రే రాసుకున్నాను. మా ఫోర్‌మన్ తనది కూడా రాయించుకున్నాడు.