రాణికి మెట్లు లేని ఇల్లు

దీపావళి మరుసటి రోజు మా ఇంటి ఓనరు వచ్చి, పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నామని, సంక్రాంతికల్లా ఖాళీ చేయమని చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. సత్యనారాయణపేటలోని ఆ ఇంట్లో మేం ఇరవై రెండేళ్ళున్నాం. బాడుగ కూడా పెద్దగా పెంచలేదు. నేను నడక నేర్చింది ఆ వసారాలోనే. రాణి నడక మరిచిపోతున్నదీ అక్కడే.

రాణి మా కుక్క. జాతి కుక్కేం కాదు, వీధిలో దొరికిన పిల్ల. పదమూడేళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాలు, వెనక కాళ్ళకు కీళ్ళనొప్పులు. చింటూ అని పదకొండేళ్ళ పిల్లి కూడా ఉంది. దానికి ఇంట్లో అందరికంటే ఎక్కువ గర్వం.

నాయనకు జీన్స్ కుట్టే పని, ఆదివారమే సెలవు. అందుకని ఆరు ఆదివారాలు మా పాత ఆమ్నీ వ్యానులో ఇళ్ళ వేట సాగింది. రాణిని ఇంట్లో వదిలి పోలేం. ఒంటరిగా ఉంటే గోడలకు గుద్దుకుంటూ తిరుగుతుంది. గంటకోసారి దించాలి, లేకపోతే గోనెపట్టా తడిసిపోతుంది. రాణి వస్తే చింటూ కూడా బుట్టలో రావాల్సిందే, లేకపోతే రెండూ అన్నం ముట్టవు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, మేం పిల్లినే పద్నాలుగిళ్ళు తిప్పాం.

బళ్ళారిలో చలికాలం రాదు, ఎండ కాస్త తగ్గుతుందంతే. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. మూసిన బండిలో వదిలితే ప్రాణానికే ముప్పని పశువుల డాక్టరు ముందే గట్టిగా చెప్పారు. కాబట్టి ఒకరు లోపలికి పోయి ఇల్లు చూస్తే ఇంకొకరు వ్యానులో కాపలా. నేను సగం ఇళ్ళు బయటి గోడ మాత్రమే చూశాను. డాక్టరు ఇంకో మాట కూడా అన్నారు. మనం మింగే నొప్పి మాత్రలు దానికి వేయకూడదట, కొన్ని విషంతో సమానమట. అప్పటికి మా అవ్వ జాలిపడి తన మాత్రలో సగం బెల్లంలో పెట్టి ఇవ్వబోయింది. సమయానికి అమ్మ చూసింది కాబట్టి సరిపోయింది.

మొదట కౌల్ బజార్ చూశాం. అన్నీ మేడమీది ఇళ్ళే. ఇరవై మెట్లు రాణి ఎక్కలేదు, అవ్వా ఎక్కలేదు. ఆ తర్వాత హోసపేట రోడ్డున కుడితిని దాటి తోరణగల్లు వరకు పోయాం. ఉక్కు ఫ్యాక్టరీ పుణ్యాన అక్కడ బాడుగలు ఆకాశంలో ఉన్నాయి. లారీ హారన్ మోగినప్పుడల్లా రాణి నా ఒళ్ళో తల దూర్చింది. ఇంకో వారం గుంతకల్లు వైపు. వేదవతిని మావైపు హగరి అంటాం. ఆ వంతెన దాటి కొంతదూరం పోతే బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. "మనె బాడిగెగె ఇదె" కాస్తా "ఇల్లు బాడుగకు ఇవ్వబడును" అవుతుంది. 1953లో గీసిన గీత అది. మా అవ్వకు అప్పుడు మూడేళ్ళు. బళ్ళారి మైసూరుకు, ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు పోయినప్పుడు వాళ్ళ చుట్టాలు సగం అటు, సగం ఇటు అయిపోయారట. కన్నడంలో "నాయి ఇదెయా?" అని అడిగారు, తెలుగులో "కుక్క ఉండాదా?" అని అడిగారు. జవాబు రెండు భాషల్లోనూ ఒకటే. గుంతకల్లులో ఒకావిడ మంచిగానే సలహా ఇచ్చింది: "ముసల్దే కదమ్మా, యాడన్నా వదిలేసి రాండి."

అయిదో ఆదివారం నేనొక పని చేశాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

గాంధీనగర్లో కింది ఇల్లు, పెరడు, బాడుగ కూడా మాకు సరిపోయేది. నాయన లోపల కొళాయిలు చూస్తున్నాడు. గేటు దగ్గర ఓనరు నన్ను అడిగాడు, కుక్క ఉందా అని. లేదన్నాను. ఆలోచించలేదు, నోట్లోంచి అట్లా వచ్చేసింది. వ్యాను ఇరవై అడుగుల దూరంలోనే ఉంది. రాణికి చూపు పోయింది గానీ చెవులు పనిచేస్తాయి. నా గొంతు వినగానే కుయ్ కుయ్ మని ఏడుపు అందుకుంది. ఓనరు వ్యాను వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఏమీ అనకుండా గేటు వేసుకున్నాడు.

మనం తిక్కన మహాప్రస్థానిక పర్వం గురించి క్లాసులో విన్నాం. స్వర్గంలో కుక్కకు చోటు లేదని ఇంద్రుడంటే, అట్లాంటి స్వర్గం నాకొద్దన్నాడు ధర్మరాజు. ఆ పాఠం రోజు మా రాణి గురించి మీ అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా, గుర్తుండే ఉంటుంది. ధర్మరాజును అడిగింది స్వర్గం కోసం. నన్ను అడిగింది రెండు గదులు, ఒక వంటిల్లు కోసం. వెనక్కి వస్తున్నంతసేపూ రాణి నా చెయ్యి నాకుతూనే ఉంది. దానికేం తెలుసు అనుకోవాలని చూశాను. నాయన మాత్రం ఒక్క మాటే అన్నాడు: "అబద్ధం చెప్పి చేరితే రోజూ దాన్ని దాచిపెట్టాల గదమ్మా."

ఆరో ఆదివారం మోకా రోడ్డులో గేటు బయటే నిలబడి ముందే చెప్పేశాను: "మాకు కుక్క ఉంది, ముసలిది, కళ్ళు కనపడవు. పిల్లి కూడా ఉంది." ఆ ఇంటావిడ కాసేపు ఆలోచించింది. "రాత్రిపూట అరుస్తుందా?" అంది. మా అవ్వ వ్యానులోంచే జవాబిచ్చింది: "అరిచే ఓపికే ఉంటే మాకింత బాధెందుకమ్మా!" ఆవిడ నవ్వేసింది. అనుకున్నదానికంటే పదిహేనువందలు ఎక్కువ బాడుగ. అందుకని అమ్మ రాత్రిళ్ళు జాకెట్లు కుడుతోంది. నేను పొద్దున్నే బస్సు పట్టుకోవాలి. మొదటి గంటకు ఆలస్యంగా వస్తున్నది ఎందుకో మేడమ్‌కు ఇప్పుడు తెలిసింది.

సామాను సర్దినప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాం. పాత ఇంట్లో అవ్వ మంచం, నీళ్ళ గిన్నె, తలుపు ఏ వరసలో ఉండేవో అదే వరసలో పెట్టాం. గోనెపట్టా ఉతకలేదు, పాత వాసన పోకూడదని. చింటూను వారం రోజులు ఒకే గదిలో ఉంచాం, వదిలితే పాత ఇంటికే పోతుందని. మొదటి రాత్రి రాణి గోడ వెంబడి మూడు చుట్లు తిరిగింది. రెండుసార్లు తలుపుకు గుద్దుకుంది. నేను నీళ్ళ గిన్నెను గోరుతో టింగుమని తట్టాను. నిలబడి విన్నది. తర్వాత మెల్లగా అడుగులు వేసుకుంటూ వచ్చి తాగింది.