ఇగ్వాసుకు బదులు ఇంద్రావతి

విశాఖపట్నంలో మూడు దశాబ్దాలు భూగోళశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయునికి తీరని కోరిక ఒకటి ఉండేది. నల్లబల్లపై దక్షిణ అమెరికా పటం గీసిన ప్రతిసారీ బ్రెజిల్, అర్జెంటీనా, పరాగ్వే సరిహద్దులు కలిసే చోట ఆయన సుద్దముక్క క్షణంపాటు ఆగేది. మకరరేఖకు కొంచెం దక్షిణాన, ఉప ఉష్ణమండలంలో ఉన్న ఫోజ్ దో ఇగ్వాసు నగరం అది. దాని పక్కనే 2.7 కిలోమీటర్ల వెడల్పున, సుమారు 275 పాయలుగా దూకే ఇగ్వాసు జలపాతం. ఎన్నడూ చూడని ఆ నీటి హోరును ఆయన వేలాది పిల్లలకు వర్ణించి చెప్పారు.

విరమణ తరువాత ఆయన ప్రయాణానికి లెక్కలు వేశారు. సావో పాలో వరకు విమానాలు మారుతూ వెళ్ళాలి. అక్కడి నుంచి మరో విమానం. బ్రెజిల్ నుంచి తిరిగి వచ్చేవారు పచ్చజ్వరం టీకా ధ్రువపత్రం చూపాలి. లెక్కల పుస్తకంలో రెండు పేజీలు నిండాక మొత్తం చూసి ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "అంత దూరం ఎందుకండీ? ఉదయం రైలెక్కితే సాయంత్రానికి జగదల్‌పూర్ చేరతాం. మన ఇంద్రావతి దూకడం మీరెప్పుడైనా చూశారా?" అని అడిగింది భార్య. ఆయన చూడలేదు.

లెక్కలు మళ్ళీ మొదలయ్యాయి. జగదల్‌పూర్‌కు నలభై కిలోమీటర్ల లోపు దూరంలో, చిత్రకోట్ వద్ద ఇంద్రావతి 95 అడుగుల ఎత్తు నుంచి గుర్రపునాడా ఆకారంలో దూకుతుంది. దానిని భారత నయాగరా అంటారు గాని, ఆకృతిలో ఇగ్వాసుకు కూడా అది చెల్లెలే. కాంగేర్ లోయలో తీర్థగఢ్ జలపాతం, జగదల్‌పూర్‌లో రాజప్రాసాదం చూడవలసిన వాటి జాబితాలో చేరాయి. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు బస్తరులో రాజ్యం నెలకొల్పాడని చెబుతారు. ఆ వంశపు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ ఆదివాసుల పక్షాన నిలిచి, 1966 మార్చి 25న అదే ప్రాసాదంలో పోలీసు కాల్పులకు బలయ్యారు.

ఎప్పుడు వెళ్ళాలన్నది తరువాతి ప్రశ్న. వర్షాకాలంలో చిత్రకోట్ ఎర్రమట్టి రంగులో ఉరకలు వేస్తుంది. వేసవిలో సన్నని ధారగా మిగులుతుంది. ఒడిశాలో ఇంద్రావతి నీరు జోరానాలా వైపు మళ్ళిపోవడంతో 2019 వేసవిలో జలపాతం ఎండిపోయింది. స్థానికులు నది కోసం పాదయాత్ర చేశారు. కాబట్టి కార్తిక మాసమే అనువైనదని ఆయన నిర్ణయించారు.

పిల్లలు మాత్రం ఒప్పుకోలేదు. వారికి బస్తరు అంటే మందుపాతరలు. వారి భయం నిరాధారం కాదు. తీర్థగఢ్ ఉన్న దర్భా ప్రాంతంలోని ఝీరం లోయలోనే 2013 మే 25న మావోయిస్టులు కాంగ్రెస్ నాయకుల వాహనశ్రేణిపై దాడి చేసి మహేంద్ర కర్మ, నందకుమార్ పటేల్ సహా ఇరవై మందికి పైగా ప్రాణాలు తీశారు. మావోయిజం నిర్మూలనకు కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించారు. కాల్పులు ఆగడం శాంతికి ఆరంభమే గాని, శాంతి అంతా అదే కాదు. యాత్రికుడు రాగలగడం ఒక కొలమానమైతే, ఊరు విడిచినవాడు తిరిగి రాగలగడం మరొకటి. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత వేలాది మంది ఆదివాసులు గోదావరి లోయ అడవులలోకి వలస వచ్చారు. తెలుగువారు వారిని గుత్తికోయలంటున్నారు. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి పోరాటానికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు ఇచ్చింది. అయినా ఊరు వీడినవారిలో ఎందరో ఇప్పటికీ పోడు భూముల్లో గుడిసెలు వేసుకొని, అటవీ సిబ్బందికి భయపడుతూ బతుకుతున్నారు. 

ఉపాధ్యాయునికి ఇగ్వాసు ఎగువన జరిగిన మరో కథ కూడా తెలుసు. ఫోజ్‌కు ఉత్తరాన, పరానా నదిపై సెతె కెదాస్ అనే మహాజలపాతం ఉండేది. ఇతైపు ఆనకట్ట దానిని ముంచబోతున్నదని తెలిసి, చివరి చూపు కోసం జనం పోటెత్తారు. 1982 జనవరిలో కాలివంతెన కూలి ముప్పై మందికి పైగా మరణించారు. ఆ అక్టోబరులో రెండు వారాల్లో జలాశయం నిండి జలపాతం అదృశ్యమైంది. తీరాన ఉన్న గ్వారానీ ఆదివాసులు నేల కోల్పోయారు. ఇంద్రావతిపై కూడా బోధ్‌ఘాట్ ప్రాజెక్టుకు 1979లో మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేశారు. అటవీ అనుమతుల చిక్కుల్లో ఏళ్ళతరబడి ఆగిపోయిన ఆ ఆలోచనను 2020 తరువాత రాష్ట్ర ప్రభుత్వాలు, పార్టీలు మారినా, మళ్ళీ తెరపైకి తెస్తూనే ఉన్నాయి. మునిగే ఊళ్ళ వారు వద్దంటూనే ఉన్నారు.

లెక్కల పుస్తకంలో ఆయన ఒక రోజు అదనంగా చేర్చారు. చిత్రకోట్ చూశాక, దిగువన బోధ్‌ఘాట్ ప్రతిపాదిత స్థలానికి చేరువలోని బార్సూర్‌కు వెళ్ళాలి. అక్కడి దేవాలయాలు చూడాలి. వీలైతే నది ఒడ్డున ఉన్నవారితో కూర్చుని నాలుగు మాటలు వినాలి. భార్య ఆ పేజీ చదివి, "ఈ రోజుకు ఖర్చు వేయలేదేం?" అని అడిగింది. ఆయన కలం తీసి, ఆ రోజు ఎదురుగా రెండు భోజనాలు, ఒక జీపు అని రాశారు.